ఇది బార్డిక్ కిందకి వస్తుందా? మధ్యయుగ వేషాల్లో పాట, కథ ఎంచుకునేవారికి

రాత్రి పదిన్నర. గుడారాల మధ్య నెగడు. చుట్టూ నలభై మంది దాకా, నార అంగీల్లో, ఉన్ని కప్పుకుని కూర్చున్నారు. ఒకాయన లేచి, వానలో తన గుడారం కొట్టుకుపోయిన వైనాన్ని అందరికీ తెలిసిన సినిమా పాట వరుసలో పాడాడు. జనం పడీపడీ నవ్వారు. ఆ తర్వాత ఒకావిడ లేచి 12వ శతాబ్దపు ఆక్సిటన్ పాట ఎత్తుకుంది. ఆక్సిటన్ అంటే దక్షిణ ఫ్రాన్స్ కవులు ఆ రోజుల్లో వాడిన భాష. వాయిద్యం లేదు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా ఎవరూ కదల్లేదు. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర గొడవ మొదలైంది. ఈ రెండిట్లో బార్డ్, అంటే ఆ కాలపు పాటగాడు, చేసే పని ఏది?

ఇది సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం శిబిరంలో సంగతి. అందరూ ఎస్‌సీఏ అంటారు. 1966 మే 1న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక ఇంటి పెరట్లో జరిగిన వేడుకతో మొదలైన సంఘం ఇది. 1600కి ముందటి కాలాన్ని చదివి, కుట్టి, వండి, పోరాడి, పాడి చూడటం దీని పని. చేరినవాళ్లు ఆ కాలపు మనిషిగా ఒక పేరూ పాత్రా పెట్టుకుంటారు. ఏటా వేసవిలో పెన్సిల్వేనియాలో జరిగే పెన్సిక్ వార్ వీళ్లకి పెద్ద తిరునాళ్ల లాంటిది. 1972లో మొదలైంది. ఇప్పుడు పదివేల మంది దాకా వచ్చి రెండు వారాలు గుడారాల్లో ఉంటారు. అమెరికాలో చదువుకో ఉద్యోగానికో వచ్చి, ఆఫీసు స్నేహితుల వెంట ఒకసారి అక్కడికెళ్లి, "నేనూ ఏదో ఒకటి పాడొచ్చా?" అని అడిగే మనవాళ్లు నాకు అప్పుడప్పుడూ తగులుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నా మటుకు నాకు ఆ కాఫీ గొడవలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఒకటి, ఈ ముక్క ఆ కాలం నాటిదేనా? రెండు, ఇది ఆ కాలపు పాటగాడు చేసిన పని చేస్తోందా? అంటే ఎదురుగా ఉన్న జనాన్ని పట్టి కూర్చోబెట్టడం, వాళ్ల మధ్య జరిగినదాన్ని నలుగురూ గుర్తుపెట్టుకునేలా చెప్పడం. మొదటిదాన్ని వయసు అందాం, రెండోదాన్ని పని అందాం. గుడారం పాటకి పని ఉంది, వయసు లేదు. ఆక్సిటన్ పాటకి వయసు ఉంది. ఆ రాత్రి ఆవిడ గొంతు వల్ల పని కూడా జరిగింది. అదే పాట నేను పాడి ఉంటే సగం మంది నీళ్ల బాటిల్ కోసం లేచిపోయేవారు. మీరు ఏది ఎంచుకోవాలన్నది, పాడబోయే చోట ఈ రెండిట్లో దేనికి ఎక్కువ మార్కులు పడతాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ముందు పేర్ల సంగతి

"బార్డ్" అనే మాటకి ఇప్పుడున్న మర్యాద చూసి మోసపోకండి. మధ్యయుగ ఐర్లాండ్‌లో పై మెట్టు మీద ఉన్నవాడు ఫిలి, బార్డ్ కాదు. ఫిలికి పన్నెండేళ్ల దాకా చదువు ఉండేది. వాళ్లలో అందరికన్నా పెద్దవాడైన ఒల్లవ్‌కి 350 కథలు నోటికి రావాలని లెక్క. బార్డ్ ఆ చదువు లేని కింది తరగతి కవి. ఇంకో తమాషా ఏమిటంటే, తర్వాతి కాలంలో ఐర్లాండ్ సంస్థానాల్లో కవిత కట్టినవాడు సభలో నోరు విప్పేవాడు కాదు. దాన్ని పైకి చదివేవాడు ఇంకొకడు, పక్కన హార్ప్ మీటేవాడు మరొకడు. ముగ్గురు మనుషుల పనిని మనం ఇప్పుడు ఒక్కడి నెత్తిన పెట్టి ఆ ఒక్కడినే బార్డ్ అంటున్నాం.

వేల్స్‌లో మాత్రం బార్డ్ అంటే నిజంగానే గౌరవం. 1176లో రైస్ ప్రభువు కార్డిగన్ కోటలో కవులకూ వాద్యకారులకూ పోటీలు పెట్టి, గెలిచినవాళ్లకి పెద్దపీట, అక్షరాలా కుర్చీ, ఇచ్చాడు. నార్వే, ఐస్‌లాండ్ వైపు రాజుల మీద పద్యాలు కట్టినవాడు స్కాల్డ్. పాత ఇంగ్లండ్‌లో స్కోప్. దక్షిణ ఫ్రాన్స్‌లో ఆక్సిటన్ పాటలు కట్టిన కవులు ట్రూబడూర్లు. వాళ్లలో చాలామంది పెద్దింటివాళ్లు. పేరు తెలిసినవాళ్లలో మొదటివాడు అక్విటేన్ డ్యూక్ గిలెమ్, 1071లో పుట్టినవాడు. డ్యూక్ కట్టిన పాటని ఊరూరా తిరిగి పాడినవాడు జోంగ్లర్. వాడికి పాటతో పాటు గారడీ, కోతి ఆట కూడా వచ్చి ఉండాలి.

మిన్‌స్ట్రెల్ అనే మాట పుట్టింది లాటిన్‌లో సేవకుడు అనే అర్థం నుంచి. రాజుగారింట జీతగాడన్నమాట. 1306 పెంతెకోస్తు పండగకి ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ తన కొడుక్కి నైట్ హోదా ఇస్తూ వెస్ట్‌మిన్‌స్టర్‌లో విందు చేశాడు. ఆ రోజు బహుమానాలు అందుకున్న మిన్‌స్ట్రెళ్ల పద్దు ఇప్పటికీ ఉంది. వందమందికి పైగా ఉన్నారు: హార్ప్ వాయించేవాళ్లు, బూరలు ఊదేవాళ్లు, కమానుతో తంత్రులు పలికించేవాళ్లు. ఇంతకన్నా విచిత్రమైనది 12వ శతాబ్దపు రోలండ్ కథ. సఫోక్‌లో ముప్ఫై ఎకరాల మాన్యం అనుభవించడానికి అతను చెల్లించాల్సిన సేవ ఇదీ: ప్రతి క్రిస్మస్‌కీ రాజు ముందు ఒక గెంతు, ఒక ఈల, ఒక పిత్తు. మూడూ ఒకేసారి. "ఇది మిన్‌స్ట్రెల్ కిందకి రాదు" అని మొహం చిట్లించేవాళ్లకి నేను ఈ రోలండ్‌నే గుర్తుచేస్తుంటాను.

మనకి ఇది అర్థం కావడం పెద్ద కష్టం కాదు. సభలో కవి వేరు, బిరుదులు చదివే భట్రాజు వేరు, ఊరి చావడిలో పల్నాటి కథ చెప్పే పిచ్చుకగుంట్లవాళ్లు వేరు. ఈ ముగ్గురినీ ఒకే పేరుతో ఎవరూ పిలవరు. అందుకని "నేను బార్డ్ అవుతాను" అనుకునే ముందు, ఈ వరసలో మీరు ఎవరిలా ఉండాలనుకుంటున్నారో తేల్చుకోండి. సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

ఎక్కడ పాడబోతున్నారు?

నెగడు చుట్టూ కూర్చునే బార్డిక్ సర్కిల్ అన్నిటికన్నా సులువు. చాలా చోట్ల పద్ధతి ఒకటే. వంతు మీ దగ్గరికి వచ్చినప్పుడు మీరే ఏదో ఒకటి వినిపించొచ్చు, ఫలానా వారిని పాడమని అడగొచ్చు, లేదా పాస్ అనేయొచ్చు. పాస్ అంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడ పనికి పెద్దపీట, వయసుకి చిన్నపీట. మూడు నాలుగు నిమిషాలు దాటనివ్వకండి. నేను మొదటిసారి పదకొండు నిమిషాల వీరగాథ ఎత్తుకున్నాను. ఏడో నిమిషంలో నెగడులో కట్టెలు సర్దడానికి ముగ్గురు లేచారు. కట్టెలు బాగానే ఉన్నాయి.

విందు హాలు సంగతి వేరు. వడ్డనకీ వడ్డనకీ మధ్య పాడమంటారు. ప్లేట్ల చప్పుడు, పిల్లల ఏడుపు, పక్క బల్ల మీద ముచ్చట్లు. అక్కడ సున్నితమైన ప్రేమగీతం పనికిరాదు. నలుగురూ గొంతు కలిపే పల్లవి ఉన్నది కావాలి, లేకపోతే మాటలే లేని వాద్యం. 1306 పద్దులో అంతమంది బూరలు ఊదేవాళ్లు ఎందుకున్నారో ఒకసారి ఆ చప్పుడులో నిలబడితే తెలుస్తుంది.

కళల పోటీల్లో లెక్క తలకిందులు. అక్కడ కాగితం అడుగుతారు. ఈ పాట ఎక్కడిది, ఏ చేతిరాత ప్రతిలో ఉంది, వరుస ఎవరిది, వాయిద్యం ఆ కాలంలో ఉందా, మీరు మార్చింది ఏమిటి, ఎందుకు మార్చారు. ఒకటి రెండు పేజీల వివరణ రాసుకెళ్లాలి. గొంతు ఎంత బాగున్నా కాగితం బలహీనంగా ఉంటే మార్కులు రావు. ఎస్‌సీఏలో ఒక్కో పెద్ద ప్రాంతాన్ని రాజ్యం అంటారు. రాజ్యపు బార్డ్‌ని ఎన్నుకునే పోటీలు నెగడుకీ ఈ పోటీలకీ మధ్యలో ఉంటాయి. వాటిలో సాధారణంగా ఒక పాత ముక్క, ఒక సొంత ముక్క అడుగుతారు. నియమాలు రాజ్యానికొక తీరు, కాబట్టి ముందే అడిగి తెలుసుకోండి.

ఇక బయటి జనం ముందు చేసే ప్రదర్శనలు. బ్రిటన్‌లో వైకింగ్, ఆంగ్లో-సాక్సన్ బృందాలు కోటల్లో, మ్యూజియంల దగ్గర చేసేవి ఈ రకం. చూసే పిల్లవాడు మీరు పాడినదే చరిత్ర అనుకుని ఇంటికెళ్తాడు. అక్కడ వయసు విషయంలో సర్దుబాటు పనికిరాదు. అమెరికాలో 1963లో లాస్ ఏంజిలెస్‌లో మొదలైన రెనసాన్స్ ఫెయిర్ల తరహా తిరునాళ్లు దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ టోపీలో డబ్బులు పడటమే కొలత. మీరు రెండూ చేస్తుంటే ఒక చోట అలవాటు రెండో చోటకి జారకుండా చూసుకోవాలి. అది అనుకున్నంత తేలిక కాదు.

అయిదు దారులు, నాకు నచ్చినది మూడోది

మొదటిది, అసలు పాటని అసలు భాషలో పాడటం. వయసుకి నూటికి నూరు. కానీ పాటల మాటలు మిగిలినంతగా వరుసలు మిగల్లేదు. ట్రూబడూర్ల పాటలు రెండున్నర వేల దాకా దొరికితే, వాటిలో స్వరాలతో దొరికినవి పదో వంతు మాత్రమే. ఆ స్వరాల్లో కూడా ఏ స్వరం ఎంతసేపు పట్టాలో చాలా చోట్ల తెలియదు. అంటే లయ మీ నిర్ణయమే. కొత్తవాళ్లకి నేను చెప్పేది 13వ శతాబ్దపు స్పెయిన్‌లో పదో అల్ఫోన్సో రాజు ఆస్థానంలో కూర్చిన మరియమ్మ పాటలు. నాలుగు వందలకి పైగా ఉన్నాయి. ఇంచుమించు అన్నిటికీ స్వరాలున్నాయి. చాలావాటికి పల్లవి ఉంది, ఎక్కువ పాటల్లో ఒక్కో అద్భుతం కథ ఉంది. జనం రెండోసారికే పల్లవి అందుకుంటారు. భజన అలవాటున్న మన గొంతుకి ఇది చాలా దగ్గర.

రెండోది, అనువాదం. పాత కవితని ఇంగ్లిష్‌లోకి తెచ్చి అదే వరుసలో పాడటం. నెగడు దగ్గర మంచి రాజీ. పోటీలో మాత్రం అనువాదం ఎవరిదో చెప్పాలి. ఇప్పుడు బతికున్నవాళ్లదైతే అనుమతి తీసుకోవాలి. ఇదే నియమం తోటి బార్డ్‌లు కట్టిన కొత్త పాటలకీ వర్తిస్తుంది. అడిగి పాడితే సంతోషిస్తారు, అడగకుండా పాడితే ఊరంతా తెలుస్తుంది.

మూడోది, పాత చట్రంలో కొత్త పద్యం. అసలు పాటగాళ్లు చేసిన పని ఇదే. వాళ్లెవరూ రెండొందల ఏళ్ల నాటి పాటల్ని అద్దాల పెట్టెలో పెట్టి పాడలేదు. నిన్నటి యుద్ధం గురించి, ఎదురుగా కూర్చున్న దొర గురించి, ఉన్న ఛందస్సులో ఇవాళ కట్టారు. మీ బృందంలో పొద్దున ఓడిపోయిన కుర్రాడి మీద సాయంత్రానికి ఆరు పంక్తులు కట్టి వినిపిస్తే, వయసు చట్రంలో ఉంటుంది, పని అక్కడికక్కడే జరుగుతుంది.

ఇక్కడ తెలుగువాళ్లకి ఎవరూ చెప్పని వాటం ఒకటుంది. పాత ఇంగ్లిష్ పద్యాలకీ, పాత నార్స్, అంటే స్కాల్డ్‌ల భాష, పద్యాలకీ అంత్యప్రాస కన్నా ముఖ్యమైనది అక్షరాల పొత్తు. పంక్తి రెండు ముక్కలుగా ఉంటుంది. రెండో ముక్కలో నొక్కిపలికే మొదటి అక్షరంతో, మొదటి ముక్కలో నొక్కిపలికే అక్షరం ఒకటో రెండో కలవాలి. అమెరికన్ స్నేహితులకి దీన్ని వివరించడానికి అరగంట పడుతుంది. మీకు ఒక్క మాట చాలు: యతి. వాళ్లకి అచ్చుల మైత్రి మనకన్నా ఉదారం. ఏ అచ్చుకైనా ఏ అచ్చైనా సరిపోతుంది, అకారానికి అకారపు చుట్టాలే కావాలన్న పట్టింపు లేదు. స్కాల్డ్‌ల రాజసభ ఛందస్సు డ్రోట్‌క్వెట్ ఇంకా గట్టిది. ఎనిమిది పాదాలు, పాదానికి ఆరు అక్షరాలు, రెండేసి పాదాలని కట్టే అక్షర మైత్రి, అది కాక పాదం లోపల హల్లుల ప్రాస ఒక పాదంలో, పూర్తి ప్రాస తర్వాతి పాదంలో. బడిలో గురువు లఘువు గుర్తులు పెడుతూ ఉత్పలమాలతో కుస్తీ పట్టినవాళ్లకి ఇది పాత పరిచయంలా ఉంటుంది. నేను ఇంగ్లిష్‌లో కట్టిన మొదటి ఆరు పంక్తులు విని ఒక పెద్దావిడ, "నీకు ఈ పొత్తు ఎక్కడ పట్టుబడింది?" అని అడిగింది. ఎనిమిదో తరగతిలో తెలుగు మాస్టారు బెత్తంతో నేర్పారని చెప్పాను. నమ్మలేదు.

నాలుగోది కథ. పాట రాదని వెనక్కి తగ్గేవాళ్లకి ఇదే అసలు తలుపు, కానీ ఎవరూ దీన్ని మొదట తట్టరు. ఫ్రెంచి ఫాబ్లియోలు, అంటే మొగుళ్లూ పెళ్లాలూ పూజారులూ ఒకరినొకరు బోల్తా కొట్టించే మొరటు హాస్యకథలు, నూటయాభై దాకా ఉన్నాయి. 14వ శతాబ్దం మధ్యలో ఇటలీలో బొకాచియో రాసిన వంద కథలున్నాయి. ఐస్‌లాండ్ వాళ్ల చిన్న కథలున్నాయి. కాగితం చూసి చదవకండి. మూడు సంఘటనలు, రెండు సంభాషణలు, ఆఖరి మాట గుర్తుపెట్టుకుని మీ మాటల్లో చెప్పండి. ఫాబ్లియోల్లో కొన్ని మరీ పచ్చివి. నెగడు దగ్గర పిల్లలున్నారో లేదో ఒకసారి చూసుకుని మొదలుపెట్టండి.

అయిదోది ఫిల్క్, అంటే మనం మొదట చూసిన గుడారం పాట. సైన్స్ ఫిక్షన్ అభిమానుల సమావేశాల నుంచి వచ్చిన మాట ఇది, ఫోక్ అనే మాటలో ముద్రారాక్షసంగా పుట్టింది. తెలిసిన వరుసకి కొత్త మాటలు తగిలించడం. దీన్ని చూసి ముక్కు విరిచేవాళ్లున్నారు. పాత వరుసకి కొత్త మాటలు కట్టడం మధ్యయుగంలోనూ మామూలే, దానికి లాటిన్‌లో పేరు కూడా ఉంది, కాంట్రాఫాక్టమ్ అని. కాబట్టి పద్ధతికి వయసుంది. లేనిది వరుసకే. అందుకే నా సలహా, ఫిల్క్ కట్టాలనిపిస్తే సినిమా పాట బదులు 16వ శతాబ్దపు వరుస ఒకటి నేర్చుకుని దాని మీద కట్టండి. అదే నవ్వు వస్తుంది, పొద్దున కాఫీ దగ్గర గొడవ ఉండదు. ఎందుకో ఈ సలహా ఎవరూ వినరు.

పాతవని అందరూ అనుకునేవి

నాకు తగిలిన దెబ్బ చెప్తాను. ఒక తిరునాళ్లలో కొన్న పుస్తకం అట్ట మీద మధ్యయుగపు హార్ప్ సంగీతం అని ఉంది. అందులో ఒక ఐరిష్ ముక్క మూడు నెలలు సాధన చేసి పోటీకి వెళ్లాను. న్యాయనిర్ణేత మర్యాదగానే అడిగారు, "దీని తేదీ ఎంత?" స్వరకర్త పేరు ఓ'కరోలన్. పుట్టింది 1670, పోయింది 1738. అంటే మధ్యయుగం కాదు, ఔరంగజేబు కాలం. అట్ట మీద మాట నమ్మి నా మూడు నెలలూ పోగొట్టుకున్నాను.

మీరు పోగొట్టుకోకుండా కొన్ని చెప్తాను. ఇంగ్లిష్, స్కాటిష్ జానపద గాథల్లో చైల్డ్ అనే పండితుడు 1882 నుంచి 1898 దాకా అచ్చువేసిన 305 గాథలు అందరికీ ఆధారం. అందులో 1600కి ముందు రాతలో దొరికినవి కొన్నే. ఏసుని పట్టిచ్చిన యూదా మీద ఉన్న చిన్న గాథ 13వ శతాబ్దపు ప్రతిలో ఉంది. రాబిన్ హుడ్, సన్యాసి గాథ 15వ శతాబ్దానిది. మిగిలినవాటిలో ఎక్కువ భాగం 18, 19 శతాబ్దాల్లో సేకరించినవి. మూడు కాకుల గాథ అందరికీ ఇష్టం, అది మొదట అచ్చయింది 1611లో. పదకొండేళ్లతో గీత దాటింది. నెగడు దగ్గర ఎవరూ అడగరు, పోటీలో అడుగుతారు. స్కార్‌బరో సంత పాటకి మూలమైన గాథ అచ్చులో కనబడేది 17వ శతాబ్దం రెండో సగంలో. ఇప్పుడు అందరూ పాడే వరుస ఇంకా కొత్తది. గ్రీన్‌స్లీవ్స్ అనే పాట 1580లో లండన్ అచ్చువాళ్ల పుస్తకంలో నమోదైంది కాబట్టి బతికిపోయింది. ఇంగ్లిష్ నాట్యాల వరుసలతో ప్లేఫోర్డ్ అచ్చువేసిన పుస్తకం 1651 నాటిది, అదీ గీత దాటినదే. బాకాలు, పెద్ద కోరస్‌తో హోరెత్తే కార్మినా బురానా, కవితల మటుకు 13వ శతాబ్దపు చేతిరాత ప్రతిలోవే. ఆ హోరు మాత్రం ఓర్ఫ్ అనే జర్మన్ స్వరకర్తది, తొలి ప్రదర్శన 1937లో.

నిక్షేపంగా నమ్మదగ్గది కావాలంటే, ఇంగ్లండ్‌లోని రెడింగ్ మఠంతో ముడిపడిన 13వ శతాబ్దపు ప్రతిలో ఉన్న కోకిల పాట ఉంది. వేసవి వచ్చింది, కోకిలా గట్టిగా కూయి అని మొదలవుతుంది. నలుగురు ఒకరి వెనక ఒకరు అందుకునే పాట, కింద ఇద్దరు వంత. ఎలా పాడాలో సూచనలు కూడా ఆ పేజీలోనే రాసి ఉన్నాయి. ఆరుగురు స్నేహితులుంటే విందుకి ఇంతకన్నా మంచిది లేదు.

వాయిద్యం కొనేముందు

చాలామంది మొదట హార్ప్ కొంటారు, తర్వాత పాట వెతుక్కుంటారు. అలా చేయకండి. ఉత్త గొంతు ఏ కాలానికైనా సరిపోతుంది, పైగా ఖర్చు లేదు.

తప్పదంటే ఆరు తంత్రుల లైర్ చూడండి. ఇంగ్లండ్‌లో సట్టన్ హూ సమాధిలో 1939లో దీని ముక్కలు దొరికాయి. జర్మనీలో ట్రోసింగెన్ దగ్గర 6వ శతాబ్దపు సమాధిలో దాదాపు చెక్కుచెదరనిదే దొరికింది. హార్ప్ కన్నా చవక, నేర్చుకోవడం తేలిక, పద్యం చదువుతూ కింద మీటుకోవచ్చు. దాని మీద ఏం వాయించారో మాత్రం రాసిపెట్టినవాళ్లు లేరు, కాబట్టి వాద్యానికి వయసుంటుంది, వరుస మీ ఊహే. ఆ ముక్క పోటీ కాగితంలో దాచకుండా రాయండి. న్యాయనిర్ణేతలు ఊహని క్షమిస్తారు, దాచడాన్ని క్షమించరు.

గిటార్‌ని నెగడు దగ్గర చూసీచూడనట్టు వదిలేస్తారు. ఇప్పటి ఆరు తంత్రుల రూపం 19వ శతాబ్దానిది, పోటీకి తేవద్దు. మనవాళ్లు ఇంటి నుంచి హార్మోనియం పట్టుకొస్తామంటారు. అదీ 19వ శతాబ్దపు యూరప్ సరుకే. తబలా ఇప్పుడున్న రూపానికి వచ్చింది 18వ శతాబ్దంలో. ఈ రెండూ ఇంట్లోనే ఉంచండి.

తెలుగు పాత్ర వేసుకుంటే

ఈ సంఘాల చూపు ఎక్కువగా యూరప్ మీదే ఉన్నా, ఇతర దేశాల పాత్రలు వేసేవాళ్లకి ఇప్పుడు కొదవ లేదు. మీరు ఓరుగల్లు మనిషిగా వెళ్లాలనుకుంటే, వయసు పరీక్ష మన కళలకీ పెట్టాల్సిందే. అక్కడ కొన్ని ఇబ్బందులు వస్తాయి.

బుర్రకథ చెప్తే జనం పడిపోతారు, అందులో అనుమానం లేదు. వంతలు, డక్కీలు, తందాన తాన, పని విషయంలో దీన్ని మించింది లేదు. కానీ ఇప్పుడు మనం ఎరిగిన బుర్రకథ 1940ల్లో ప్రజానాట్యమండలి రోజుల్లో, షేక్ నాజర్ లాంటివాళ్ల చేతుల్లో రూపు దిద్దుకున్నది. దాని వెనకున్న జంగం కథ పాతదే, ఈ వేషం, ఈ నడక కాదు. హరికథకి ఇప్పటి రూపం ఇచ్చినది ఆదిభట్ల నారాయణదాసు, 1864లో పుట్టినవారు. నెగడు దగ్గర రెండూ హాయిగా చెప్పండి. పోటీకి మాత్రం మధ్యయుగపువని రాయకండి.

అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా ఉన్నవాడు, పదాలు రాగిరేకుల మీద ఉన్నాయి. వయసుకి ఢోకా లేదనిపిస్తుంది. అయితే రేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. మనం పాడే వరుసలు ఎక్కువగా 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. ట్రూబడూర్ల పాటల్లో పది పాళ్లకి తొమ్మిది పాళ్ల గతే ఇక్కడ అన్నిటికీ పట్టింది. కాబట్టి పదం అన్నమయ్యది, వరుస ఫలానావారిదని కాగితంలో విడివిడిగా రాయండి. నిజాయితీగా రాస్తే అదే మీ కాగితానికి బలం.

నా దృష్టిలో తెలుగు పాత్రకి అసలైన సరుకు ద్విపద. రెండేసి పాదాలు, యతి, ప్రాస, చదువుతుంటేనే నడక వచ్చేస్తుంది. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం ద్విపదే, రంగనాథ రామాయణం ద్విపదే. రెండూ 13వ శతాబ్దం వైపువి. పైగా ద్విపదని జనం ముందు పాడేవారని చెప్పే సాక్ష్యం కూడా ఉంది. క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో, ఓరుగల్లు వీధుల్లో ఒక స్త్రీ తాళం మీద పల్నాటి వీరుల కథని ద్విపదలో పాడుతుంటే, అక్షరం అక్షరానికీ కుర్రాళ్లు కేకలు వేస్తూ ఊగిపోయారని ఒక పద్యం ఉంది. వయసుకీ పనికీ కలిపి ఇంతకన్నా మంచి రసీదు ఏముంటుంది? ఎదురుగా తెలుగు రానివాళ్లు ఉంటారు కాబట్టి కథ ఇంగ్లిష్‌లో చెప్పండి. బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరే ఘట్టంలో నాలుగు పాదాలు మాత్రం తెలుగులో వదలండి. నాలుగు దాటితే కట్టెలు సర్దేవాళ్లు లేస్తారు.

చివరికి ఎవరికి ఏది

మొదటిసారి వెళ్తున్నవాళ్లు మూడు నిమిషాల కథతో వెళ్లండి, లేదా మొదటి రాత్రి పాస్ అని విని రండి. గొంతు బాగుండి భాషల మీద ఇష్టం ఉన్నవాళ్లు అల్ఫోన్సో పాటల్లో ఒకటి పట్టుకోండి. బడిలో ఛందస్సు నచ్చినవాళ్లు పొత్తుల పద్యాల వైపు రండి, మీకక్కడ పోటీ తక్కువ. గుంపుగా వెళ్లేవాళ్లకి కోకిల పాట. నవ్వించడమే వచ్చినవాళ్లు నవ్వించండి, రోలండ్‌కి ముప్ఫై ఎకరాలు ఊరికే ఇవ్వలేదు. తేదీలు, కాగితాలు అంటే విసుగు పుట్టేవాళ్లు పోటీ జోలికి వెళ్లకండి. నెగడు దగ్గర మీకు లోటేమీ ఉండదు.

నేను ఈ ఆగస్టుకి ఆ ఓరుగల్లు పాటగత్తెని చేయించాలనుకుంటున్నాను. పాడేది మా ఆవిడ, కథ చెప్పేది నేను. ద్విపద సిద్ధంగా ఉంది, చీరకట్టు గురించి ఇంట్లో ఇంకా వాదన నడుస్తోంది. కేకలు వేస్తూ ఊగడానికి నలుగురు కుర్రాళ్లు కావాలి. ఆఫీసులో ఇద్దరు ఒప్పుకున్నారు.